వాల్వు సన్నబడింది, ఆపరేషన్ ఇప్పుడే వద్దన్నారు: ఈ మధ్యకాలంలో ఏం చూసుకోవాలి

అమ్మా,

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా ఇక్కడ పెడతాను. ఇదే స్థితిలో ఉన్న మరికొందరికీ ఈ సమాధానం ఉపయోగపడవచ్చు. మీ నాన్నగారికి 66 ఏళ్లు. ఉండేది పర్లాకిమిడిలో, పుట్టి పెరిగింది సోంపేట దగ్గర. జ్వరానికి చూపించుకోవడానికి వెళ్తే గుండెలో మర్మర్ (అసహజమైన చప్పుడు) వినిపిస్తోందని ఎకో, అంటే గుండె స్కాన్, తీయించారు. గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే దారిలోని అయోర్టిక్ వాల్వు సన్నబడిందని తేలింది. రక్తం వాల్వును దాటే వేగం సెకనుకు 3.8 మీటర్లు, సగటు గ్రేడియంట్ (వాల్వుకు అటూ ఇటూ ఒత్తిడిలో తేడా) 36, వాల్వు వైశాల్యం 0.9 చదరపు సెంటీమీటర్లు, ఈఎఫ్ (గుండె రక్తాన్ని నెట్టే శక్తి) 62 శాతం. బరంపురంలో చూసిన డాక్టరుగారు ‘మోడరేట్’ (మధ్యస్థం) అన్నారు, విశాఖలో చూసినవారు ‘సివియర్’ (తీవ్రం) అన్నారు, ఇద్దరూ ఆరు నెలలకు మళ్లీ రమ్మన్నారు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.5 ఉంది. బీపీ మాత్ర, మోకాళ్ల నొప్పులకు అప్పుడప్పుడు నొప్పి మాత్ర వాడుతున్నారు. ఆయన మాత్రం ‘నాకేం బాధ లేదు’ అంటున్నారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం, ఆగడం ప్రమాదమా, ఛాతీ తెరిచి మార్పించాలా లేక తొడలోని రక్తనాళం గుండా పెట్టించాలా, మాఘంలో మీ చెల్లెలి పెళ్లి అయ్యేదాకా ఆగవచ్చా అన్నవి మీ ప్రశ్నలు.

నేను పాతపట్నం, పర్లాకిమిడి ప్రాంతాల్లో చాలాకాలంగా రోగులను చూస్తున్న ఫిజీషియన్‌ను, గుండె శస్త్రచికిత్స చేసేవాడిని కాను. అయితే ఈ జబ్బు ఉన్నవారిని ఆపరేషన్‌కు పంపేదాకా కనిపెట్టి ఉండడం, తిరిగి వచ్చాక మందులు, రక్తపరీక్షలు చూసుకోవడం మాబోటివాళ్ల పనే. కాబట్టి మీరు అడిగిన కాలం గురించి కొంత నమ్మకంగా చెప్పగలను.

మొదట ఇద్దరు డాక్టర్ల మాట. వారిద్దరూ పొరపాటు పడలేదు. వేగం 4 మీటర్లు, సగటు గ్రేడియంట్ 40 దాటితే తీవ్రమైన స్టెనోసిస్ (వాల్వు సన్నబడడం) అంటారు. ఆ లెక్కన మీ నాన్నగారిది ఇంకా మధ్యస్థమే. వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు కంటే తగ్గినా తీవ్రమే అంటారు, ఆ లెక్కన ఆయనది తీవ్రం. ఆరోగ్యమైన వాల్వు 3 నుంచి 4 చదరపు సెంటీమీటర్ల మేర తెరుచుకుంటుంది. ఇక్కడ ఒక సంగతి తెలిసి ఉండడం మంచిది. వేగాన్ని యంత్రం నేరుగా కొలుస్తుంది. వైశాల్యాన్ని మాత్రం లెక్క కట్టి రాబడతారు. వాల్వుకు కింద, రక్తం బయటికి వచ్చే దారి ఎంత వెడల్పు ఉందో తెరమీద గీత గీసి కొలిచి, ఆ కొలతను వర్గం చేస్తారు, అంటే దాన్ని దానితోనే హెచ్చిస్తారు. అందుచేత అక్కడ రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చినా చివరి అంకె మారిపోతుంది. మీ నాన్నగారి రిపోర్టులో ఆ కొలత 1.8 సెంటీమీటర్లు అని ఉంది. ఇంకొకరు అదే దారిని 2.0 అని కొలిస్తే, మిగతావన్నీ అలాగే ఉన్నా, వైశాల్యం 0.9 కాస్తా 1.1 అవుతుంది. రిపోర్టులు చేతిలో పట్టుకుని కుటుంబాలు రాత్రంతా నిద్రపోకుండా కూర్చోవడం నేను చూశాను. ఆ తేడా చాలాసార్లు ఈ ఒక్క గీత దగ్గరే ఉంటుంది.

అంకెలు ఇలా పొంతన లేకుండా ఉన్నప్పుడు తేల్చుకోవడానికి మంచి మార్గం ఒకటి ఉంది. రంగు మందు ఎక్కించకుండా తీసే సీటీలో వాల్వు మీద పేరుకున్న కాల్షియం ఎంతో లెక్క వేస్తారు. మగవారిలో ఆ స్కోరు 2000, ఆడవారిలో 1200 దాటితే జబ్బు తీవ్రమైనదే కావడానికి అవకాశం ఎక్కువ. రంగు మందు లేదు కాబట్టి దీనివల్ల కిడ్నీకి ఇబ్బంది ఉండదు. మీ నాన్నగారికి ఇది చేయించడం గురించి వచ్చేసారి డాక్టరుగారిని అడగండి. ఎకో కూడా వీలైనంతవరకు ఒకే చోట, బీపీ అదుపులో ఉన్న రోజున తీయించండి, పాత రిపోర్టుతో పాటు సీడీ కూడా తీసుకువెళ్లండి. సగటున ఈ జబ్బులో వేగం ఏడాదికి 0.3 మీటర్ల మేర పెరుగుతుంది. కొందరిలో ఏళ్ల తరబడి కదలదు, కొందరిలో పరుగెడుతుంది. ఆయన ఏ కోవకు చెందినవారో రెండో ఎకో, మూడో ఎకో చెప్పాలే తప్ప మొదటిది చెప్పలేదు.

ఇక ఆగడం ప్రమాదమా అన్నది. తూము తలుపు తుప్పుపట్టి సగమే లేస్తే, అదే నీటిని పంపడానికి వెనక ఒత్తిడి పెరుగుతుంది కదా. ఇక్కడ ఆ ఒత్తిడిని ఎడమ జఠరిక, అంటే గుండెలో ఎడమవైపు కింది గది, మోస్తుంది, మోయడానికి గోడలు మందంగా చేసుకుంటుంది. అలా అది చాలా ఏళ్లు నెట్టుకొస్తుంది. అందుకే జబ్బు ముదిరినా మనిషికి ఏమీ తెలియని కాలం ఒకటి ఉంటుంది. తీవ్రమైన స్టెనోసిస్ ఉండి నిజంగా లక్షణాలు లేనివారిలో హఠాత్తుగా ప్రాణం పోయే అవకాశం ఏడాదికి సుమారు నూటికి ఒక్కరికి. ఆయాసం, నడిస్తే గుండెల్లో బరువు, శ్రమపడ్డప్పుడు కళ్లు తిరిగి పడిపోవడం, ఈ మూడింటిలో ఏ ఒక్కటి మొదలైనా లెక్క పూర్తిగా మారిపోతుంది. వాల్వు మార్పిడి అందుబాటులో లేని రోజుల గురించి 1968లో రాస్, బ్రౌన్‌వాల్డ్ అనే వైద్యులు రాసినదాన్నిబట్టి, ఛాతీనొప్పి మొదలైనవారు సగటున ఐదేళ్లు, పడిపోవడం మొదలైనవారు మూడేళ్లు, గుండె నీరసించి ఆయాసం వచ్చినవారు రెండేళ్లు బతికేవారు. ఇవాళ వాల్వు మార్చగలం కాబట్టి ఆ అంకెలు మీ నాన్నగారి భవిష్యత్తు కావు. లక్షణం కనిపించాక వాయిదా ఎందుకు వేయకూడదో తెలియడానికి మాత్రం వాటిని గుర్తుంచుకోవాలి.

అందుచేత అసలు ప్రశ్న అంతా ‘నాకేం బాధ లేదు’ అన్న మాట దగ్గరకే వస్తుంది. ఈ జబ్బు మెల్లగా వస్తుంది, మనిషి దానికి తగ్గట్టు తన పనిని మెల్లగా తగ్గించుకుంటాడు, తగ్గించుకున్నానని తనకే తెలియదు. కంచిలి వైపు నుంచి ఒక రైతు వచ్చేవారు. ఎన్నిసార్లు అడిగినా ఏ ఇబ్బందీ లేదనేవారు. ఒకసారి ఆయన భార్యను పక్కన కూర్చోబెట్టి, పొలానికి ఎవరు వెళ్తున్నారమ్మా అని అడిగాను. ‘చెరువు గట్టు ఎక్కాలి కదండీ, సంక్రాంతి నుంచి మనవడినే పంపిస్తున్నారు, ఈయన కళ్లం దగ్గరే కూర్చుంటున్నారు’ అందామె. ఆయన గట్టు ఎక్కడం లేదు కాబట్టి ఆయాసమూ రావడం లేదు. మరుసటి వారమే ఆయన్ని ఆపరేషన్‌కు పంపించాం.

మీరు కూడా నాన్నగారిని అడగడం మానేసి అమ్మగారిని అడగండి. పోయిన ఏడాది ఈ రోజుల్లో సైకిలు తొక్కుకుంటూ వెళ్లినచోట ఇప్పుడు దిగి నడిపిస్తున్నారా? బజారు నుంచి సంచి ఎవరు మోసుకొస్తున్నారు? మేడ మీదికి వెళ్లడం తగ్గిందా? భోజనం చేసి నడిస్తే మధ్యలో ఆగుతున్నారా? రాత్రి తలగడలు పెరిగాయా? తనకంటే పెద్దవాళ్లతో నడిచినప్పుడు వెనకబడుతున్నారా? నెలకొకసారి ఒకే దారిలో, ఒకే దూరం ఆయనతో కలిసి మీ అమ్మగారు మామూలు నడకతో నడిచి, ఎంతసేపు పట్టిందో, ఎక్కడ ఆగారో క్యాలెండరు మీద రాసిపెడితే అది డాక్టరుకు ఎంతో విలువైన సమాచారం. అనుమానం తీరకపోతే ఆసుపత్రిలో డాక్టరు దగ్గరుండి ట్రెడ్‌మిల్ పరీక్ష చేస్తారు. లక్షణాలు లేవని చెప్పేవారికే ఆ పరీక్ష. లక్షణాలు ఉన్నవారికి అది చేయకూడదు.

లక్షణాలు లేకుండానే ఆపరేషన్ చేయవలసిన సందర్భాలూ ఉన్నాయి. ఈఎఫ్ 50 కంటే పడిపోయినా, వేగం 5 మీటర్లు దాటినా, ఏడాదిలో గబగబా పెరిగినా, ట్రెడ్‌మిల్ మీద బీపీ పెరగవలసినది పడిపోయినా డాక్టర్లు ఆగరు. ఈ మధ్య ఇంకా ముందే చేయడం వైపు మొగ్గు కనిపిస్తోంది. 2024లో వెలువడిన ఎర్లీ టావర్ అనే అధ్యయనంలో 65 ఏళ్లు దాటి, తీవ్రమైన స్టెనోసిస్ ఉండి లక్షణాలు లేని 901 మందిని తీసుకున్నారు. ఆగి చూద్దామన్న వర్గంలో నూటికి 87 మందికి నాలుగేళ్లలోపే ఎలాగూ వాల్వు మార్చవలసి వచ్చింది; ముందే చేయించుకున్నవారికి అనుకోకుండా ఆసుపత్రిలో చేరే అవసరం తగ్గింది; మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. మీ నాన్నగారు తీవ్రం అన్న గీతకు కాస్త ఇవతలా అవతలా ఊగుతున్నారు కాబట్టి ఆరు నెలలకు రమ్మనడం సబబైన మాటే. ఆపరేషన్ ‘వస్తుందా’ అని కాకుండా ‘ఎప్పుడు వస్తుంది’ అని ఆలోచించి ఇప్పటినుంచే ఏర్పాట్లు చేసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

మందులతో వాల్వు తెరుచుకోదు. కొలెస్ట్రాల్ మాత్రలు దీన్ని ఆపుతాయేమోనని పెద్ద పరీక్షలే చేశారు, ఆపలేదు. అవి గుండె రక్తనాళాల కోసం వాడేవి, డాక్టరు రాస్తే మానకండి. కాల్షియం కరిగించే పసరు ఉందని ఎవరైనా చెబితే డబ్బుతో పాటు కాలం కూడా పోతుంది. పాలు, పెరుగు మానేయమని చుట్టాలు చెప్పారని రాశారు. వాల్వు మీద పేరుకునే కాల్షియానికి పళ్లెంలోని పెరుగు కారణం కాదు, మానవలసిన పని లేదు.

బీపీకి మాత్ర వాడాలి, కానీ బీపీ ఒక్కసారిగా పడిపోవడం ఈయనకు చాలా చెడ్డది. మన ఊళ్లలో గుండెనొప్పి అనగానే నాలుక కింద సార్బిట్రేట్ (రక్తనాళాలను వదులు చేసే మాత్ర) పెట్టడం అలవాటు. వాల్వు సన్నబడినవారికి బీపీ చూడకుండా అది పెడితే మనిషి కుప్పకూలవచ్చు. ఊళ్లోని ఆర్‌ఎంపీ గారికి, మందుల షాపువారికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. ఒక చిన్న కార్డు మీద జబ్బు పేరు, వాడుతున్న మందులు, ఈ హెచ్చరిక తెలుగులోనూ ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ రాయించి ఆయన జేబులో పెట్టండి. 108 ఏ రాష్ట్రం నుంచి వచ్చినా చదవగలిగేలా ఉండాలి. ప్రొస్టేట్‌కు ఇచ్చే కొన్ని మాత్రలూ, నీరు పోయే మాత్రలు ఎక్కువైనా బీపీని పడగొడతాయి. హెర్నియాకో మోకాలికో ఆపరేషన్ అంటే మత్తు డాక్టరుకు ఈ ఎకో చూపించకుండా ఒప్పుకోవద్దు, వెన్నుకిచ్చే మత్తు విషయంలో మరీ జాగ్రత్త. విరేచనాలు, వాంతులు పట్టుకున్నప్పుడు, మే నెల ఎండల్లో, ఒంట్లో నీరు తగ్గకుండా చూడండి.

సమతలం మీద హాయిగా నడవవచ్చు. ధాన్యం బస్తా ఎత్తడం, బోరింగు గట్టిగా కొట్టడం, ఊపిరి బిగబట్టి చేసే పనులు మాన్పించండి. శివరాత్రికి ఉపవాసం ఉండి మహేంద్రగిరి ఎక్కడం ఆయనకు అలవాటని రాశారు. ఈసారి వద్దు. సింహాచలం గిరిప్రదక్షిణ కూడా 32 కిలోమీటర్లు, అదీ వద్దు. వాల్వు మారి, కోలుకుని, డాక్టరు సరేనన్నాక వెళ్లినవారు నాకు తెలుసు.

కిడ్నీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆయనది సోంపేట చుట్టుపక్కల ఉన్న ఉద్దానం. ఆ ప్రాంతంలో కారణం ఇదీ అని తేలని కిడ్నీ జబ్బు ఎంతమందిని పట్టి పీడిస్తోందో మీకు వేరే చెప్పనక్కరలేదు. కిడ్నీ దెబ్బతిన్నవారిలో వాల్వు మీద కాల్షియం తొందరగా పేరుకుంటుంది. ఆపైన ఆపరేషన్‌కు ముందు యాంజియోగ్రాంకు, తొడ నుంచి వాల్వు పెట్టాలంటే తీసే సీటీకి రంగు మందు ఎక్కించక తప్పదు. అది కిడ్నీకి భారం. కాబట్టి మోకాళ్లకు వాడుతున్న నొప్పి మాత్రలు ఇవాళే ఆపించండి. డైక్లోఫెనాక్ వంటివి కిడ్నీని మరింత దెబ్బతీస్తాయి. నొప్పికి పారాసిటమాల్ ఎంత మోతాదులో వాడవచ్చో డాక్టరును అడగండి. పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి ఉన్నాయి. వాల్వు పని మొదలయ్యేలోపు ఒకసారి కిడ్నీ డాక్టరు అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకుని ఫైలులో పెట్టుకుంటే, తరువాత ఎక్కడికి వెళ్లినా రంగు మందు ఎంత, ఎప్పుడు అన్నది సర్జన్లు జాగ్రత్తగా నిర్ణయిస్తారు.

హిమోగ్లోబిన్ కూడా చూపించండి. రక్తం తక్కువైతే ఇదే వాల్వుతో ఆయాసం ముందే వస్తుంది. ఈ జబ్బు ఉన్న కొందరికి పేగుల్లోంచి తెలియకుండా రక్తం పోతుంది కాబట్టి మలం నల్లగా తారులా కనిపిస్తే చెప్పమనండి. పళ్లు, చిగుళ్లు ఇప్పుడే బాగుచేయించాలి. చిగుళ్లలోని సూక్ష్మక్రిములు కొత్త వాల్వు మీద చేరితే దాన్ని వదిలించడం చాలా కష్టం. కదిలే పళ్లు, పుచ్చిన పళ్లు ఉంటే ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందే తీయించెయ్యాలి. చుట్ట అలవాటుంటే అదీ ఇప్పుడే మానాలి, ఊపిరితిత్తులు బాగుంటేనే వెంటిలేటరు మీదినుంచి తొందరగా బయటపడతారు.

ఛాతీ తెరిచి చేసేదా, తొడ నుంచి పెట్టేదా? తొడ నుంచి పెట్టే పద్ధతిని 2002లో ఫ్రాన్సులోని రువాన్‌లో అలాన్ క్రిబియే మొదట మనిషికి చేశారు. మొదట్లో ఆపరేషన్‌కు తట్టుకోలేని ముసలివారికే చేసేవారు, ఇప్పుడు పరిధి పెరిగింది. అమెరికా మార్గదర్శకాల ప్రకారం 65 నుంచి 80 మధ్యవారికి రెండూ పరిశీలించి నిర్ణయించాలి. యూరప్‌వారు 2025లో 70 దాటినవారికి తొడ పద్ధతి వైపు మొగ్గారు. మీ నాన్నగారికి 66. తొడ పద్ధతిలో కోలుకోవడం త్వరగా ఉంటుంది, ఛాతీ ఎముక కోయరు. కానీ ఖర్చు చాలా ఎక్కువ, పేస్‌మేకరు అవసరమయ్యే అవకాశం ఎక్కువ, రంగు మందు ఎక్కువ పడుతుంది. వాల్వు పుట్టుకతోనే మూడు రేకులకు బదులు రెండు రేకులతో ఉంటే తొడ పద్ధతి అంత సులభం కాదు. ఈ రిపోర్టులో రేకులు ఎన్నో రాయలేదు, తప్పక అడగండి. ఛాతీ తెరిచి చేసేది ఎంతోకాలంగా నిలకడగా ఫలితం ఇస్తున్న పద్ధతి. ఇతర జబ్బులు పెద్దగా లేనివారిలో, అనుభవమున్న చోట, ప్రాణాపాయం నూటికి ఒకరి నుంచి ముగ్గురి దాకా ఉంటుంది. వారం దాకా ఆసుపత్రిలో ఉండాలి, ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు బరువులెత్తకూడదు.

వాల్వు ఏ రకం అన్నది ఇంకో మాట. లోహపు వాల్వు, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో రూపొందిన చిత్ర వాల్వు వంటిది, ఎక్కువకాలం మన్నుతుంది. అయితే జీవితాంతం రక్తం పలచబడే మాత్ర వేసుకుని ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) చూపించుకుంటూ ఉండాలి. మునగాకు, తోటకూర ఒక వారం విపరీతంగా తిని మరోవారం మానేస్తే ఆ లెక్క తప్పుతుంది. జంతు కణజాలపు వాల్వుకు ఆ బాధ లేదు, కానీ పది పదిహేనేళ్లలో అరిగిపోవచ్చు. 65 దాటినవారికి సాధారణంగా కణజాలపు వాల్వే మేలంటారు. నమ్మకమైన ల్యాబు దగ్గరలో లేని ఊళ్లవారి విషయంలో నేనూ అదే చెబుతాను.

ఎక్కడ చేయించాలి? విశాఖ మీకు దగ్గర, అమ్మగారికి భాషతో ఇబ్బంది ఉండదు. ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లోనూ ప్రైవేటులోనూ గుండె శస్త్రచికిత్స ఉంది. భువనేశ్వర్‌లో ఎయిమ్స్, కటక్‌లో ఎస్‌సీబీ మెడికల్ కాలేజీ ఉన్నాయి. నిర్ణయాన్ని రేషన్ కార్డు కూడా శాసిస్తుంది. మీది ఒడిశా కార్డు కాబట్టి ఆంధ్రా వైద్యసేవ పథకం మీకు వర్తించదు. ఒడిశాలో 2025 నుంచి ఆయుష్మాన్ భారత్ అమలవుతోంది. మీరు అనుకున్న ఆసుపత్రి ఆ జాబితాలో ఉందా, వాల్వు ఖరీదు అందులో కలిసిందా, తొడ పద్ధతికి వర్తిస్తుందా అన్నవి చేరకముందే అక్కడ పథకం వ్యవహారాలు చూసే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. రక్తం ఇవ్వగలిగిన బంధువుల పేర్లు కూడా ఇప్పుడే రాసి ఉంచుకోండి.

చివరగా పెళ్లి. మాఘం దాకా ఆగవచ్చు, ఒక షరతు మీద. పెళ్లికి నెల ముందే ఎకో, కాల్షియం సీటీ అయిపోవాలి; ఈలోపు ఆయాసం, ఛాతీలో బరువు, పడిపోవడం కనిపిస్తే ముహూర్తం చూసుకోకుండా బయల్దేరాలి, అవసరమైతే పెళ్లే వాయిదా వేయాలి. అన్నీ బాగుంటే కన్యాదానం ఆయనే చేయవచ్చు. అయితే పిల్ల తండ్రి పొద్దున్నుంచీ ఏమీ తినకుండా, తాగకుండా పీటల మీద కూర్చోవడం మన ఇళ్లలో ఆనవాయితీ. బీపీ మాత్ర వేసుకుని, నీళ్లు తాగక, హోమం వేడిలో గంటల తరబడి కూర్చుని ఒక్కసారిగా లేస్తే ఆయన పడిపోవచ్చు. పురోహితులవారితో ముందే మాట్లాడండి; పాలు, పళ్లరసం తీసుకోవచ్చనే ఎక్కువమంది చెబుతారు. ఆ ఉదయం మాత్ర ఎప్పుడు వేసుకోవాలో డాక్టరును అడగండి, పీట మీదినుంచి లేచేటప్పుడు మీ అన్నయ్యను పక్కనే నిలబడమనండి. బియ్యం బస్తాలు దింపించడం, వంటవాళ్ల వెంట తిరగడం వంటి పనులు మేనమామలకు అప్పగించండి.